టోక్యోలో ఒక్క రోజు: ఏ వేళకు ఎక్కడ, ఏం కొనాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఆఫీసు పని మీద జపాన్ వెళ్తుంటే మేమూ వెంట వెళ్తున్నాం. టోక్యోలో మాకు దొరికేది ఒక్క రోజు. గుడి, ఊరు, కాస్త షాపింగ్ అన్నీ కుదురుతాయా? మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. – ఒక పాఠకుడు, కావలి

జవాబు: కుదురుతాయి. కాకపోతే ఊరంతా చుట్టేయాలని పెట్టుకోవద్దు. గింజా లైన్ అనే మెట్రో ఒక్కదాన్నే నమ్ముకోండి, నారింజ రంగు గుర్తు. ఒక కొస అసకుసా, రెండో కొస షిబుయా. ఆ చివరి నుంచి ఈ చివరికి అరగంట పైచిలుకు. మీకు కావలసినవన్నీ దాదాపు దాని పక్కనే ఉన్నాయి.

జాగ్రత్త పడాల్సింది వేళల దగ్గర. అసకుసాలోని సెన్సోజి గుడి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఉదయం 6కే తెరుస్తారు, మిగతా నెలల్లో 6.30కి. ఎనిమిది లోపు వెళ్తే జనం ఉండరు, ఎర్ర లాంతరు ద్వారం దగ్గర తీరిగ్గా ఫొటో దిగొచ్చు. గుడికి దారితీసే నకమిసే వీధి 250 మీటర్లుంటుంది, దుకాణాలు మాత్రం తొమ్మిది, పది మధ్య తెరుస్తారు. అందుకే ముందు దర్శనం, తర్వాత వీధి. అక్కడ కొన్న తినుబండారం నడుస్తూ తినకూడదు, దుకాణం ముందే నిలబడి తినేయాలి. చెత్తబుట్టలు కనపడవు కాబట్టి సంచిలో ఒక ఖాళీ కవరు పెట్టుకోండి.

జాతకం చీటీ తీయాలంటే 100 యెన్ వేసి, డబ్బా ఊపితే సన్నటి కంత లోంచి పుల్ల బయటికొస్తుంది. దాని మీది అంకె జపనీస్‌లో ఉంటుంది. అదే గుర్తున్న సొరుగు వెతికి, చీటీ తీసుకోవాలి. ఈ గుడిలో చెడు చీటీలు ఎక్కువేనని అక్కడివాళ్లే అంటారు. వస్తే ఇంటికి తేకండి, పక్కనే ఉన్న తీగలకు కట్టేసి రావడం ఆనవాయితీ. ఇది బౌద్ధాలయం, చేతులు జోడిస్తే చాలు. చప్పట్లు కొట్టేది జపాన్ సొంత మతమైన షింటో గుడుల్లో: రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు, మళ్లీ ఒకసారి వంగడం.

అలాంటి షింటో గుడే మెయిజి జింగూ. ఒమోతెసాండో స్టేషన్‌లో దిగి వెళ్లొచ్చు. సూర్యాస్తమయానికి తలుపులు మూసేస్తారు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు కాబట్టి మూడింటికల్లా చేరాలి. లోపల చాలా దూరం కంకర దారే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దీన్ని మానేసినా నష్టం లేదు, సాయంత్రం షిబుయా కూడలి చూసుకుంటే చాలు. ఎత్తు నుంచి ఊరు చూడాలంటే స్కైట్రీ టవరుకు టికెట్ పెట్టక్కర్లేదు. షింజుకులోని టోక్యో ప్రభుత్వ భవనం 45వ అంతస్తు, 202 మీటర్ల ఎత్తు, ఉచితం. అది గింజా లైన్ మీద లేదు, రైలు మారి వెళ్లాలి.

టికెట్ విషయంలో చాలామంది పొరపడేది ఇక్కడే: పర్యాటకుల 24 గంటల సబ్‌వే టికెట్ మెట్రోలకే, జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లకు చెల్లదు. ఊరి చుట్టూ తిరిగే యమనొతే లైన్ జేఆర్‌దే. ఈ గొడవంతా వద్దనుకుంటే ముందే డబ్బు వేసుకుని వాడే సుయికా కార్డు తీసుకోండి, రెండిట్లోనూ నడుస్తుంది. స్టేషన్లలో లిఫ్ట్ ఉంటుంది కానీ అన్ని ద్వారాల దగ్గరా ఉండదు. లోపలికి వెళ్లేముందే గోడ మీది పటంలో లిఫ్ట్ బొమ్మ ఉన్న ద్వారం చూసుకోండి.

ప్రశ్న: కప్పబషిలో కత్తి, ఇంకెక్కడైనా రైస్ కుక్కర్ కొనాలని ఉంది. పన్ను లేకుండా ఇస్తారటగా? – ఒక పాఠకురాలు, కోవూరు

జవాబు: కప్పబషి వంటపాత్రల బజారు, అసకుసా తర్వాతి స్టేషన్ తవరమాచి నుంచి నడిచేంత దూరం. సాయంత్రం ఐదు, ఐదున్నరకే షట్టర్లు దించేస్తారు. ఆదివారం చాలా కొట్లు మూసే ఉంటాయి.

కత్తి అడిగేటప్పుడు స్టెయిన్‌లెస్సేనా అని తేల్చుకోండి. కార్బన్ ఉక్కు కత్తికి పదును ఎక్కువే గానీ, మన కోస్తా తేమకు తడి తుడవకుండా వదిలితే తుప్పు పట్టేస్తుంది. ఇంటికి 165 నుంచి 180 మిల్లీమీటర్ల సాంతొకు (అన్ని పనులకూ వాడే వంటింటి కత్తి) చాలు. ఒకవైపే పదునుండే రకం కుడిచేతి వాళ్లకు చేసినది, ఎడమచేతి వాళ్లు అడిగి తీసుకోవాలి. ఈ ఉక్కు గట్టిది, గట్టిది కాబట్టే పెళుసు. మటన్ ఎముక, కొబ్బరి, చేప తల కొట్టారా, అంచు పెచ్చులూడుతుంది. వాటికి మన కత్తిపీటే మేలు. పదును పెట్టడానికి 1000 నంబరు నీటిరాయి తెచ్చుకోండి, లాగుడు షార్పెనర్ వాడొద్దు. విమానంలో కత్తి చెక్-ఇన్ సామానులోనే, చేతి సంచిలో కుదరదు.

కుక్కర్ దగ్గర డబ్బు తగలేసుకునేవాళ్లు ఎక్కువ. జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230. హీటరు మీద వోల్టేజీ 2.3 రెట్లయితే వేడి ఐదు రెట్లు పైగా అవుతుంది. ప్లగ్ పెట్టిన క్షణాల్లో మాడిపోతుంది. ప్లగ్ అడాప్టరు మారిస్తే వోల్టేజీ మారదు. కుక్కర్ అడుగున లేబుల్ చూడండి: 100 అని మాత్రమే ఉంటే వద్దు, 220–240 అని ఉన్న ఎగుమతి మోడల్ కావాలని అడగండి. ఫోన్ చార్జర్లు, కెమెరాలు 100–240 కాబట్టి భయం లేదు. ఇంకో సంగతి, దాంట్లోని కొలత కప్పు 180 మిల్లీలీటర్లు, లోపలి నీటి గీతలు అక్కడి పొట్టి, జిగురు బియ్యానికి గీసినవి. మన పాత మొలగొలుకులకు గీత దాటించి పోయాల్సిందే.

పన్ను సంగతి: ఒకే కొట్లో ఒకే రోజు పన్ను కాకుండా 5,000 యెన్, ఆపైన కొంటే 10 శాతం మినహాయింపు ఇస్తారు, టాక్స్-ఫ్రీ బోర్డున్న కొట్లలో మాత్రమే. అసలు పాస్‌పోర్టే చూపాలి, జిరాక్స్ కుదరదు. 2026 నవంబరు 1 నుంచి పద్ధతి మారుతుంది: ముందు పన్నుతో సహా కట్టి, తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్ చూశాక వాపసు పొందాలి. సామాను లోపలికి పంపే ముందే ఆ పని చూసుకోవాలి కాబట్టి ఒక గంట ముందుగా వెళ్లండి. కార్డు మీద కొంటే మిషన్ రూపాయలా, యెన్‌లా అని అడుగుతుంది. యెన్ అనే నొక్కండి, రూపాయల మారకంలో కోత ఎక్కువ.

ప్రశ్న: మేం శాకాహారులం. అక్కడ ఏం తినాలి? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కూరగాయలే కనిపిస్తున్నాయని నమ్మొద్దు. సోబా నూడిల్స్ పులుసు, మిసో (పులిసిన సోయా ముద్ద) సూపు, చివరికి టెంపురా (జపాన్ బజ్జీలు) పక్కన ఇచ్చే నీళ్ల పులుసు కూడా ఎండు చేప రేకుల చారుతోనే కాస్తారు. మాంసం లేదా అని అడిగితే లేదంటారు, చేప చారు వాళ్ల లెక్కలో మాంసం కాదు. టోక్యో స్టేషన్‌లో టికెట్ గేటు లోపల టీస్ తాన్‌తాన్ అనే నూడిల్స్ కొట్టు పూర్తిగా శాకాహారం. ఇండియన్ హోటళ్లు కావాలంటే టోక్యోలోని నిషి-కసాయి పేటలో మనవాళ్లు ఎక్కువ. ఊరగాయ, పొడులు తీసుకెళ్లొచ్చు. తాజా కరివేపాకు, మామిడికాయలు పెట్టుకోకండి, ధ్రువపత్రం లేని పచ్చి ఆకులూ కాయలూ విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.