‘విన్నో’ అనే ఇంగ్లిష్ క్రియకు అర్థం ఏమిటి?

‘విన్నో’ అంటే ధాన్యాన్ని తూర్పారబట్టడం. ఆ పోలికతోనే, చాలావాటిలోంచి పనికిరానివి తీసేసి మంచివి మిగుల్చుకోవడం కూడా. గాలి అనే అర్థమున్న ‘విండ్’, ఇదీ ఒకే మూలం నుంచి వచ్చాయి. కళ్లంలో చేటతో ధాన్యం ఎత్తిపోస్తుంటే తాలు, పొట్టు గాలికి ఎగిరి దూరంగా పడతాయి, గట్టి గింజ కాళ్ల దగ్గరే కుప్పపడుతుంది. ఆ దృశ్యం గుర్తుంటే చాలు, నిఘంటువు అక్కర్లేదు.

‘దే విన్నోడ్ ది లిస్ట్ డౌన్ టు ఫైవ్ నేమ్స్’ అంటే జాబితాను వడపోసి అయిదు పేర్లకు తెచ్చారని.

తెలుగులో ‘ప్రభుత్వాన్ని తూర్పారబట్టారు’ అంటే ఘాటుగా విమర్శించారని కదా, అదే అర్థాన్ని ‘విన్నో’కూ అంటగట్టకూడదు. ఇంగ్లిష్‌లో ఆ వాడుక లేదు. గెలవడమనే ‘విన్’తోనూ దీనికి చుట్టరికం లేదు.