బిడ్డను జామీనుగా నిలబెట్టవద్దు

చిరంజీవికి ఆశీస్సులు.

వ్యసనం నుంచి కోలుకుంటున్న తల్లులకూ, తల్లి జైలుకు వెళ్ళడంతో చెదిరిపోయిన పిల్లలకూ తోడుగా ఉండే పనిలో చేరుతున్నానని రాశావు. చాలా సంతోషం. ఏ శిక్షణ తీసుకోవాలని అడిగావు గాని, అది నీ సంస్థవారే చూసుకుంటారు. ఏళ్ళ తరబడి ఈ పనిలో ఉన్నదాన్ని కనుక, శిక్షణలో చెప్పినా మనసుకెక్కకుండా పోయే సంగతులు కొన్ని రాస్తాను.

చేరిన మొదటి వారంలోనే నీకు ఒక మాట వినిపిస్తుంది. "పిల్లల మొహం చూసైనా మానెయ్యకూడదా?" అని బంధువులు అంటారు, పోలీసులు అంటారు, ఒక్కోసారి డాక్టర్లు కూడా అంటారు. చాలామంది ప్రేమతోనే అంటారు. అయినా ఆ మాటను నీ నోట రానివ్వకు. అలా అన్నప్పుడు మనం తల్లి నిగ్రహానికి బిడ్డను జామీను పెడుతున్నాం. ఆమె మళ్ళీ తాగినా, మళ్ళీ మత్తుమందు వాడినా, ఆ బాకీ బిడ్డ మెడకే చుట్టుకుంటుంది. "నేనంటే ఇష్టముంటే అమ్మ మానేసేది, మానలేదు కాబట్టి నేనంటే ఇష్టం లేదు" అని ఏడేళ్ళ పిల్ల తనకు తానే తేల్చుకుంటుంది, ఆ సంగతి ఎవరికీ చెప్పదు. తల్లి కూడా అదే నమ్మి, సిగ్గుతో చికిత్సకు రావడమే మానేస్తుంది. వ్యసనం దీర్ఘకాలిక వ్యాధి. చికిత్స పొందినవారిలో నూటికి 40 నుంచి 60 మంది దాకా మళ్ళీ వాడకంలో పడుతుంటారనీ, రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారిలో జబ్బు తిరగబెట్టడం కూడా ఇంచుమించు ఇదే స్థాయిలో ఉంటుందనీ మాదకద్రవ్యాల వాడకంపై పరిశోధించే అమెరికా జాతీయ సంస్థ చెబుతోంది. రక్తపోటు మాత్రలు సరిగా వేసుకోని తల్లిని పిల్లలంటే ప్రేమ లేనిదని ఎవరైనా అంటారా?

నేను చెప్పదలచినదంతా ఇందులోనే ఉంది. తల్లి చికిత్స తల్లి హక్కు, తల్లితో సంబంధం బిడ్డ హక్కు. ఈ రెంటిలో ఒకదాన్ని రెండోదానికి షరతుగా ఎవరు పెట్టబోయినా, ఆ ఇద్దరి తరఫున మాట్లాడవలసింది నువ్వే.

వైద్యం చెప్పడం నీ పని కాదు గాని, ప్రాణం మీదికి వచ్చే సందర్భాలను నువ్వు గుర్తుపట్టగలగాలి. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే, చేతుల వణుకుతో మొదలై, ఒకటి రెండు రోజుల్లో మూర్ఛలు, ఆపైన మతిభ్రమ కూడా రావచ్చు. అరెస్టుతో తాగుడు దానంతట అదే ఆగిపోయిందని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకునే ఆ రోజులే అసలు ప్రమాదకరమైనవి కనుక, జైలు డాక్టరుకు ఆమె అలవాటు గురించి ఎవరైనా చెప్పారా అన్నది నీ మొదటి ప్రశ్న కావాలి. గర్భిణి హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుపదార్థాలకు అలవాటుపడి ఉంటే, కడుపులోని బిడ్డ పేరు చెప్పి హఠాత్తుగా మాన్పించకూడదు. ఆ జాతికే చెందిన మందులైన మెథడోన్ గాని, బ్యుప్రెనార్ఫిన్ గాని డాక్టరు పర్యవేక్షణలో ఇస్తూ చికిత్స కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో వెలువరించిన మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. "ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టింది" అని ఎవరైనా ఆమెను ఎత్తిపొడిస్తే, అది డాక్టరు రాసిన మందు అని అక్కడికక్కడే చెప్పు. పుట్టిన బిడ్డకు కొన్నాళ్ళు వణుకు, ఎడతెగని ఏడుపు, పాలు సరిగా తాగలేకపోవడం ఉండవచ్చు. దానికి చికిత్స ఉంది. బిడ్డను తల్లి పక్కనే ఉంచడం, ఒంటికి ఆనించుకోనివ్వడం, డాక్టరు సరేనంటే చనుబాలు పట్టించడం ఆ చికిత్సలో భాగమే. అటువంటి సమయంలో శిక్ష అన్నట్టుగా తల్లిని బిడ్డకు దూరంగా ఉంచితే నష్టపోయేది బిడ్డే.

ఇక పిల్లలకు నిజం చెప్పడం గురించి. ఇంట్లోవాళ్ళు ముందు అబద్ధంతోనే మొదలుపెడతారు. అమ్మ ఉద్యోగానికి దూర ప్రాంతానికి వెళ్ళిందనో, ఆస్పత్రిలో ఉందనో చెబుతారు. ఉద్యోగానికి వెళ్ళిన అమ్మ ఫోన్ ఎందుకు చేయదు? ఆస్పత్రిలో ఉంటే బతుకుతుందా, చనిపోతుందా? చెప్పనిచోట పిల్లలు ఊహించుకుంటారు, ఆ ఊహ నిజం కంటే భయంకరంగా ఉంటుంది. చివరికి ఆ నిజం బడిలో ఇంకో పిల్లవాడి నోట, అదీ వెక్కిరింతగా తెలుస్తుంది. అప్పటినుంచి ఇంట్లో ఎవరు ఏం చెప్పినా నమ్మరు. అందుకని చిన్నపిల్లలకు ఇంతమాత్రం చెప్పించు: "అమ్మ చట్టం ఒప్పుకోని పని చేసింది. అందుకని జడ్జి ఆమెను జైలులో ఉండమన్నారు. అక్కడ ఆమెకు తిండి ఉంది, పడుకోవడానికి చోటు ఉంది. ఎప్పుడు వస్తుందో తెలిసిన రోజే నీకు చెబుతాను. ఇది నీవల్ల జరగలేదు." నేరం ఇంకా రుజువు కాకపోతే "చేసింది" అనకూడదు, విచారణ జరుగుతోందని చెప్పాలి. ఆ చివరి వాక్యాన్ని మాత్రం ఒక్కసారి చెప్పి ఊరుకోవద్దు. తను అల్లరి చేయడం వల్లే అమ్మ తాగిందని నమ్మే పిల్లలు నువ్వు అనుకునేకంటే ఎక్కువమంది ఉంటారు. చెప్పవలసినది అమ్మమ్మో, పిన్నో, ఎవరి దగ్గర బిడ్డ రాత్రి పడుకుంటుందో వాళ్ళు. నువ్వు పక్కన ఉండు, మాట వాళ్ళది కానివ్వు. అమ్మ ఏం చేసిందన్న ప్రశ్న తరువాత వస్తుంది. ముందు పిల్లలు అడిగేది బడి నుంచి నన్ను ఎవరు తీసుకొస్తారు, తమ్ముడూ నేనూ ఒకేచోట ఉంటామా అని. వాటికి జవాబు సిద్ధం చేసుకున్నాకే మాట మొదలుపెట్టండి.

ములాఖత్ దగ్గరే ఎక్కువ తగవులు వస్తాయి. ఒక పిల్లవాడు సమయమంతా తల్లికి వీపు పెట్టి, చొక్కా గుండీ తిప్పుతూ కూర్చోవడం నేను చూశాను. ఆ తల్లి బతిమాలలేదు. వాడి పక్కకు చూస్తూనే, బడిలో తన చిన్నప్పటి కబుర్లు ఏవో మెల్లగా చెప్పుకుంటూ పోయింది. సమయం అయిపోయిందని గార్డు లేచాక వాడు ఒక్కసారి ఇటు తిరిగి, నోరు తెరిచి, పన్ను ఊడిన చోటు ఆమెకు చూపించాడు. ఆ రాత్రి పక్క తడిపాడు, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. "అక్కడికి తీసుకెళ్ళబట్టే ఇలా అయ్యాడు, ఇంక పంపను" అని అమ్మమ్మ అన్నది. ఇలాంటప్పుడు తొందరపడకు. ఎడబాటు ఉన్నచోట కలయిక తరువాత దుఃఖం పైకి రావడం సహజం. అది వచ్చిందంటే బంధం ఉన్నట్టే. వెళ్ళేముందు గేటు ఎలా ఉంటుంది, తనిఖీ ఎలా చేస్తారు, అద్దం అడ్డం ఉంటుందా, అమ్మను ముట్టుకోవచ్చా, ఎంతసేపు ఉంటాం అన్నవి బిడ్డకు ముందే చెబితే, ముఖ్యంగా అమ్మ మనతో తిరిగి రాదని ముందే చెబితే, చాలా భారం తగ్గుతుంది. అయితే తల్లి మత్తులో ఉన్నా, బిడ్డను బెదిరిస్తున్నా, గతంలో కొట్టిన భయం బిడ్డలో ఇంకా ఉన్నా, బిడ్డ గట్టిగా వద్దంటున్నా, బలవంతం చేయకూడదు. అప్పుడు ఉత్తరాలు ఉన్నాయి. తల్లి కాగితం మీద చేయి పెట్టి గీసి పంపిన బొమ్మపై చేయి ఆనించుకునే పిల్లలు ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యం, వస్తానన్న రోజున రావడం. నెలకు ఒక్కసారైనా సరే, చెప్పిన తేదీకి జరిగే కలయిక, ఎప్పుడు జరుగుతుందో తెలియని నాలుగింటి కంటే మేలు చేస్తుంది. బిడ్డ మార్కులు తగ్గాయనో, తల్లి పరీక్షలో మత్తు ఆనవాళ్ళు కనిపించాయనో ములాఖత్‌ను శిక్షగా రద్దు చేయడాన్ని నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు, నువ్వూ ఒప్పుకోకు.

ఈ మాటలకు బలం చట్టంలో ఉంది. తల్లిదండ్రుల నుంచి వేరుపడిన బిడ్డకు, తన మేలుకు విరుద్ధం కానంతవరకు, వారితో క్రమంగా సంబంధం పెట్టుకునే హక్కు ఉందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 9వ అధికరణం చెబుతోంది. మహిళా ఖైదీల విషయమై 2010 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు 70 ఉన్నాయి, అవన్నీ చదువు. పిల్లల బాధ్యత ఉన్న స్త్రీని జైలులో అడుగుపెట్టే ముందు గాని, అడుగుపెట్టినప్పుడు గాని వారి కోసం ఏర్పాట్లు చేసుకోనివ్వాలని 2వ నియమం, పిల్లలు వచ్చే ములాఖత్‌లో తల్లీబిడ్డలు అడ్డులేకుండా కలుసుకోవాలని 28వ నియమం, గర్భిణులకూ చిన్నపిల్లల తల్లులకూ వీలైనచోట జైలుకు బదులు వేరే శిక్ష మేలని 64వ నియమం చెబుతాయి. వీటితోపాటు నువ్వున్న చోటి చట్టం కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే తేడాలు చాలా పెద్దవి. భారతదేశంలో ఆరేళ్ళు నిండేదాకా బిడ్డ జైలులో తల్లి దగ్గర ఉండవచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో, 1997 నాటి చట్టం ప్రకారం, బిడ్డ ఇటీవలి 22 నెలల్లో 15 నెలలు ప్రభుత్వ సంరక్షణలో గడిపితే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లి హక్కుల రద్దుకు రాష్ట్రం కోర్టుకు వెళ్ళాలి. అటువంటిచోట చికిత్స కేంద్రంలో చోటు కోసం ఎదురుచూసే ప్రతి నెలా తల్లికి వ్యతిరేకంగానే లెక్కకు వస్తుంది.

బిడ్డను చూస్తున్న అమ్మమ్మను మరిచిపోకు. కూతురి మీద కోపం, మనవల మీద జాలి, తన ఒంట్లో ఓపిక లేకపోవడం, ఈ మూడూ ఆమెకు ఒకేసారి ఉంటాయి. పిల్లల ముందు కూతుర్ని తిట్టవద్దని ఆమెకు నీతులు చెప్పే ముందు, ఆమె మందులు తెచ్చిపెట్టేవారున్నారా, ఒక పూట పిల్లల్ని చూసేవారున్నారా అని కనుక్కో.

విడుదల రోజు గురించి అందరూ ఆశగా మాట్లాడతారు. నువ్వు మాత్రం ఆ తరువాతి రెండు వారాల గురించి ఆలోచించు. జైలులో వాడకం ఆగినందువల్ల శరీరానికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. పాత అలవాటు కొద్దీ అదే మోతాదు తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైనవారిపై 2007లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, మొదటి రెండు వారాల్లో మోతాదు మించి చనిపోయే ప్రమాదం ఆ రాష్ట్రంలోని మిగతా జనంతో పోలిస్తే 129 రెట్లు. కాబట్టి విడుదలకు ముందే చికిత్స కేంద్రంలో తేదీ తీసుకో, వాడుతున్న మందు ఒక్కరోజు కూడా తెగిపోకుండా చూడు, మోతాదు మించినప్పుడు ఆగిపోయే ఊపిరిని తిరిగి తెప్పించే నలోక్సోన్ అనే మందు దొరికేచోట అది ఇంట్లో ఉండేలా, ఇంట్లోవాళ్ళకు దాన్ని వాడడం వచ్చేలా చూడు. అది నల్లమందు జాతి మత్తుకే, అదీ కొద్దిసేపే పనిచేస్తుంది కనుక, ఇచ్చాక కూడా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. ఇంటికి వచ్చిన తల్లి మొదటి రోజే అమ్మ పెత్తనం చేయబోతే పిల్లలు ఎదురు తిరుగుతారు. తను లేనప్పుడు ఏర్పడిన పడుకునే వేళలు, చదువుకునే వేళలు కొన్నాళ్ళు అలాగే సాగనివ్వమని చెప్పు.

ఆమె ఒళ్ళు తెలిసి ఉన్న రోజున, ఆమె చేతనే ఒక కాగితం రాయించు. నేను మళ్ళీ వాడితే పిల్లలు ఆ రాత్రి ఎవరింట్లో పడుకోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి, నన్ను ఎక్కడికి తీసుకువెళ్ళాలి అన్నవి అందులో ఉండాలి. తమ మీద నమ్మకం లేక రాయిస్తున్నారని నొచ్చుకునే తల్లులు ఉంటారు. పిల్లల క్షేమం గురించి ముందే ఆలోచించడం తల్లి చేసే పనే కదా అని నెమ్మదిగా చెబితే చాలామంది రాస్తారు. ఆ ఫోన్ నంబరు పెద్దపిల్లకు నోటికి వచ్చి ఉండాలి.

నువ్వు వెళ్ళబోయే జైలు ములాఖత్ నియమాల ప్రతి ఒకటి సంపాదించి నాకు పంపు. పిల్లలను ఏ వయసు నుంచి రానిస్తారు, ఏ కాగితాలు కావాలి, ఫిర్యాదు ఎవరికి రాయాలి అన్నవి నువ్వు చేరేలోపే ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
నీ పెద్దమ్మ