యాప్ స్టోర్‌పై పట్టు గుత్తాధిపత్యమేనా?

సందేహం: మన దేశంలో ఐఫోన్‌లోకి యాప్ రావాలంటే యాపిల్ స్టోరే దిక్కు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ప్లే కాక వేరే దారులూ ఉన్నాయి. పత్రికలు మాత్రం రెండింటినీ ‘గుత్తాధిపత్యం’ అనే రాస్తున్నాయి. ఇది సరైన ప్రయోగమేనా?

సమాధానం: మాటవరసకు అనుకుంటే సరే. తీర్పుల వార్తలు రాసేటప్పుడు మాత్రం చూసి వాడాలి.

గుత్త అంటే ఒక హక్కును సొమ్ము చెల్లించి మొత్తంగా తీసుకోవడం. సంతలో ఆశీలు వసూలును వేలంపాటలో దక్కించుకున్నవాడు గుత్తేదారు. గడువు తీరేదాకా మరొకరు ఆ రుసుము అడగడానికి వీల్లేదు. ‘నీతిని తామే గుత్తకు తీసుకున్నట్టు’ అనడంలోనూ ఈ అర్థమే ఉంది. రెండోవారికి చోటు లేకపోవడమే ఈ మాటకు ప్రాణం. ఆ లెక్కన మీరు చెప్పిన ఐఫోన్‌కే ఇది బాగా నప్పాలి.

అమెరికా కోర్టుల్లో జరిగింది దీనికి తలకిందులు. యాప్‌లలో జరిగే కొనుగోళ్లపై ఈ స్టోర్లు తీసుకుంటున్న 30 శాతం కమిషన్‌పై తగాదా ముదిరి, ‘ఫోర్ట్‌నైట్’ ఆటను తయారుచేసిన ఎపిక్ గేమ్స్ 2020 ఆగస్టులో రెండు సంస్థల మీదా దావా వేసింది. 2021లో న్యాయమూర్తి యాపిల్‌కు గుత్తాధిపత్యం ఉన్నట్టు రుజువు కాలేదన్నారు. 2023 డిసెంబరులో జ్యూరీ గూగుల్‌కు ఉందని తేల్చింది. మార్కెట్‌కు గీసిన హద్దులోనే ఉంది తేడా అంతా. మొదటి కేసులో మొబైల్ ఆటల లావాదేవీలన్నింటినీ ఒకే మార్కెట్‌గా చూశారు. అందులో ఆండ్రాయిడ్ కూడా ఉంది కాబట్టి యాపిల్ వాటా సగానికి కాస్త పైన ఆగింది. రెండో కేసులో ఆండ్రాయిడ్ యాప్‌ల పంపిణీనే విడి మార్కెట్‌గా లెక్కించారు. అందుకే ‘గుత్తాధిపత్యం’ అని రాసేవారు ‘దేనిమీద’ అన్నది కూడా రాయాలి. అది లేకుండా రాస్తే పాఠకుడికి సగమే చెప్పినట్టు.

మన దేశంలో ఈ మాట అసలే పొసగదు. 2002 నాటి పోటీ చట్టం తప్పుపట్టేది ఆధిపత్యం ఉండటాన్ని కాదు, దాన్ని దుర్వినియోగం చేయడాన్ని. యాప్‌ల అమ్మకాలకూ, యాప్ లోపలి కొనుగోళ్లకూ తన చెల్లింపు పద్ధతినే వాడాలని పట్టుబట్టినందుకు ఆ చట్టాన్ని అమలుచేసే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు రూ.936.44 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ దాన్ని రూ.216.69 కోట్లకు తగ్గించింది. ఈ వార్తకు ‘గుత్తాధిపత్యానికి జరిమానా’ అని శీర్షిక పెడితే తప్పు. ‘ఆధిపత్య దుర్వినియోగానికి జరిమానా’ అనాలి. శీర్షిక కాస్త పొడవైనా ఫరవాలేదు, చట్టం చెప్పనిది చెప్పకూడదు.

‘గుత్త’ తెలుగు మాట, ‘ఆధిపత్యం’ సంస్కృతం, కలపవచ్చా అని కొందరు అడుగుతుంటారు. నిక్షేపంగా కలపవచ్చు. అది మిశ్రసమాసం. అత్వసంధితోనే ‘గుత్తాధిపత్యం’ సిద్ధిస్తుంది. అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో దీన్నే ‘ఏకస్వామ్యం’ అంటారు. ఫోన్లను నడిపే వ్యవస్థలు ప్రధానంగా రెండే కనుక, ఆ రంగాన్ని మొత్తంగా చెప్పాల్సి వస్తే అవే పుస్తకాల్లోని ‘ద్విస్వామ్యం’ వాడండి.