బతికొచ్చారు, కానీ మునుపటి మనిషి కాదు

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. ఎరువుల కొట్టు ఉంది. ఏడాది క్రితం గుండె ఆగిపోతే డాక్టర్లు బతికించారు. ఆ కాసేపట్లో పెద్ద వెలుగు చూశారట, చనిపోయిన మా అత్తగారు కనిపించి ‘ఇంకా టైముంది, వెళ్లు నాయనా’ అన్నారట. అప్పట్నుంచి డబ్బు ధ్యాసే లేదు. రైతుల్ని బాకీలు అడగరు. ఎదిగిన కూతురుంది. చుట్టాలు గాలి సోకిందంటున్నారు. నాకేమో మతి చలించిందని భయం.
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాసినంతలో గాలీ లేదు, పిచ్చీ లేదు. నెదర్లాండ్స్‌లో 10 ఆసుపత్రుల్లో గుండె ఆగి బతికిన 344 మందిని అడిగితే 62 మంది ఇలాంటి అనుభవమే చెప్పారు. 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందిది. రెండేళ్లకీ, ఎనిమిదేళ్లకీ మళ్లీ కలిస్తే వాళ్లలో చావు భయం తగ్గింది, అయినవాళ్ల మీద ప్రేమ పెరిగింది, జీవితానికి అర్థమేమిటన్న ఆలోచన పెరిగింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మార్పు ఇంకా స్థిరపడింది. అందుకే ‘నాలుగు నెలలాగితే మామూలవుతారు’ అని మీకు చెప్పలేను. (బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా సేకరించిన మన దేశపు అనుభవాల్లో యమదూతలు పేరు పొరబడి తీసుకెళ్లి, తిప్పి పంపడం ఉంటుంది. అచ్చం మన అమ్మమ్మలు చెప్పినట్టే!)

ఆయన చూసింది నిజమా కాదా అన్న పంచాయితీ ఇంట్లో పెట్టకండి. నవ్వితే మీకు చెప్పడం మానేస్తారు, అంతే.

కొట్టు సంగతి వేరు. ఆయన దయకు మీ అమ్మాయి పెళ్లి డబ్బు బలికాకూడదు. దాన్ని ఇద్దరి సంతకాలుంటేగానీ కదలని డిపాజిట్‌లో వేయండి. ఖాతా పుస్తకం మీరు చూడండి. ఎవరి బాకీ వదిలేయాలన్నా ముందు మీతో అనాలని అడగండి. కోపంగా కాదు, భోజనాలయ్యాక, నెమ్మదిగా.

ఒక్కటి గమనించండి. చావంటే భయం పోయినవాళ్లు గుండె మాత్రలూ మానేయొచ్చు. రోజూ వేసుకుంటున్నారా? పేర్లు, లెక్కలు మరిచిపోతుంటే న్యూరాలజిస్టుకు చూపించండి, మెదడుకు ఆక్సిజన్ అందని ప్రభావం కావచ్చు. నిద్ర లేకపోయినా, ఒంటరిగా ఏడుస్తున్నా సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్లండి. ‘అక్కడే బాగుంది, వెళ్లిపోతా’ అంటే మాత్రం ఒంటరిగా వదలకండి, ఆ రోజే చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

ఇంతకీ ఆ రోజు ఐసీయూ తలుపు బయట మీరెంత బాధ పడ్డారో ఆయనకు తెలుసా? ఉత్తరంలో ఆ ముక్కే లేదు. ఈసారి ఆయన ఆ వెలుగు గురించి చెబితే పూర్తిగా వినండి. తర్వాత మీదీ చెప్పండి.