నాన్నగారి కిడ్నీ రాయి ఆపరేషన్‌లో కాంట్రాస్ట్ గురించి

మీ నాన్నగారికి 2.5 సెంటీమీటర్ల రాయి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) కాస్త ఎక్కువ, చెన్నైలో డాక్టర్ కాంట్రాస్ట్ (లోపలి భాగాలు స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే మందు) వాడి అల్ట్రాసౌండ్ చూస్తూ పీసీఎన్‌ఎల్ (వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి రాయి తీసే ఆపరేషన్) చేస్తామన్నారు, ఆ మందుతో కిడ్నీ పాడవుతుందేమో అని రాశారు. ఆ టెన్షన్ పెట్టుకోకండి. మీరు విన్నది సీటీ స్కాన్‌లో నరానికి ఎక్కించే అయోడిన్ మందు గురించి అయి ఉంటుంది. ఇందులో వాడేది సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు నింపిన అతి చిన్న బుడగలు. రక్తంలో కలిసినా ఆ వాయువు ఊపిరితో బయటికి పోతుంది, కిడ్నీ మీద భారం పడదు.

నేనూ ఈ ఊళ్లోనే స్కాన్ రూమ్‌లో పనిచేస్తాను. మూత్రనాళంలో పెట్టిన సన్నని గొట్టం గుండా ఆ బుడగలున్న ద్రవం ఎక్కించగానే, అంతవరకూ బూడిదరంగులో కలిసిపోయిన కిడ్నీ లోపలి గదులు తెల్లగా వెలుగుతాయి. వాపు లేని కిడ్నీలో మామూలు అల్ట్రాసౌండ్‌తో వాటిని పట్టుకోవడమే కష్టం. వీపు వైపు నుంచి సూది ఏ గదిలోకి దిగాలో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ దారి తప్పితే రక్తస్రావం భయం ఎక్కువ. ఎక్స్‌రే వాడకం కూడా తగ్గుతుంది.

డాక్టర్‌ని యూరిన్ కల్చర్ (మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే పరీక్ష) రిపోర్టు గురించి తప్పకుండా అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో ఆయనే చెప్పాలి, మీరుగా ఆపొద్దు. గుండె జబ్బు, ఎలర్జీ ఉంటే ముందే చెప్పేయండి.