ఒక్క రోజులో హంపి

ప్రశ్న: హోస్పేట నుంచి ఒక్క రోజులో గైడుతో హంపి చూడాలి. ఏ వరసలో వెళ్లాలి? భోజనం సంగతేంటి?

జవాబు: గేటు తెరిచే వేళకే విఠలాలయం చేరండి. పార్కింగు నుంచి గుడి దాదాపు కిలోమీటరు. ఆలస్యమైతే బ్యాటరీ బండి క్యూలోనే గంట పోతుంది. అక్కడి టికెట్ పారేయకండి, అదే రోజు లోటస్ మహల్‌కూ చెల్లుతుంది. సప్తస్వర స్తంభాలను కొట్టడం నిషేధం. మీటి చూపిస్తానన్న గైడును వద్దనండి, రాయి దెబ్బతింటుంది.

మధ్యాహ్నం బండలు కాలిపోతాయి. అప్పుడే భోజనం: జొన్నరొట్టె, వేరుశనగ పొడి, ఎణ్ణెగాయి. మన గుత్తివంకాయకు దగ్గరి చుట్టం! రొట్టె పెనం మీంచి దిగగానే తినాలి, ఆరితే బిరుసెక్కుతుంది.

తర్వాత హజారరామాలయం. గోడల నిండా రామాయణమే, గైడు అసలు అవసరం ఇక్కడే. చివర విరూపాక్షాలయం వెనక చీకటి గదిలో గోపురం నీడ తలకిందులుగా పడుతుంది. చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు కనుక ఎండ ఉండగానే చేరాలి.