ముప్పై ఒకటో ఏట ఆట ఆపేసి కోచింగ్‌లోకి దిగొచ్చా? ఒబ్రాదోవిచ్ దిగాడు

మీరు అడిగింది ఇదీ: బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి తెచ్చి ఆట నడిపించే ఆటగాడిగా ఆడుతున్నారు, వయసు 31, పిల్లలకి కోచ్‌గా ఒక అవకాశం వచ్చింది. ఇంకో రెండు సీజన్లు ఆడాలా, ఇప్పుడే ఒప్పేసుకోవాలా అని. సరిగ్గా ఇదే వయసులో, ఇదే పొజిషన్‌లో ఆడుతూ ఇదే సందిగ్ధంలో పడ్డ మనిషి ఒకాయన ఉన్నాడండీ. సెర్బియాకి చెందిన జెల్కో ఒబ్రాదోవిచ్. నేను ఉద్యోగం మీద ఇస్తాంబుల్‌లో ఉన్న రోజుల్లో ఆయన అక్కడి ఫెనర్‌బాచె జట్టుకి కోచ్. యూనివర్సిటీ దాకా ఆడినవాణ్ణి కాబట్టి ఆ మ్యాచ్‌లకి టికెట్ దొరికితే వదిలేవాణ్ణి కాదు.

ఆటగాడిగా ఆయన తక్కువవాడేం కాదు. చాచక్ అనే ఊళ్లో పుట్టి, అక్కడి బోరాట్స్ క్లబ్బులో ఎదిగి, 1984లో బెల్‌గ్రేడ్‌లోని పార్టిజాన్ క్లబ్బుకి వెళ్లాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రజతం, 1990లో అర్జెంటీనాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం గెలిచిన యుగోస్లావియా జట్టులో ఉన్నాడు. అయితే ఆ జట్టులో డ్రాజెన్ పెట్రోవిచ్, వ్లాదె దివాచ్, టోని కుకోచ్ లాంటి హేమాహేమీలు ఉండేవాళ్లు. వాళ్ల పక్కన ఈయన పేరు ఎవరికి గుర్తుంటుంది చెప్పండి.

1991 వేసవిలో రోమ్‌లో జరిగే యూరోబాస్కెట్ (యూరప్ దేశాల ఛాంపియన్‌షిప్) కోసం జాతీయ జట్టు శిబిరంలో ఉండగా పార్టిజాన్ నుంచి కబురొచ్చింది, కోచ్‌గా వస్తావా అని. క్లబ్బు వ్యవహారాలు చూస్తున్నది ద్రాగన్ కిచానొవిచ్, ఆయనదీ చాచకే. ఒబ్రాదోవిచ్ శిబిరం వదిలేసి వెళ్లిపోయాడు. ఆ జట్టు రోమ్‌లో స్వర్ణం గెలిచింది కూడా. చేతికి అందేలా ఉన్న పతకాన్ని వదులుకుని, నిన్నటిదాకా తనతో కలిసి ఆడిన కుర్రాళ్లకే కోచ్‌గా వెళ్లి నిలబడ్డాడన్నమాట.

మీకు పనికొచ్చే సంగతి ఇక్కడుంది. ఆయన ఒంటరిగా వెళ్లలేదు. అలెగ్జాండర్ నికొలిచ్ అనే పెద్దాయన సలహాదారుగా వెన్నంటి ఉన్నాడు. యుగోస్లావ్ బాస్కెట్‌బాల్‌లో అందరూ ప్రొఫెసర్ అని పిలిచే మనిషి, ఇటలీలోని వరేజె జట్టుకి మూడు యూరోపియన్ కప్పులు (యూరప్ క్లబ్బుల్లో ఛాంపియన్‌కి ఇచ్చేది) తెచ్చిపెట్టినవాడు, అప్పటికి అరవై ఏడేళ్లు. కొత్త కోచ్‌లు చాలామంది పెద్దవాళ్లని పక్కన పెట్టుకోవడానికి ఒప్పుకోరు, పేరు వాళ్లకి పోతుందేమోనని. ఒబ్రాదోవిచ్ ఈనాటికీ గురువు అంటే నికొలిచ్ పేరే చెబుతాడు.

ఆ సీజన్‌లో యుగోస్లావియాలో జరుగుతున్న యుద్ధం వల్ల పార్టిజాన్ తన సొంత మ్యాచ్‌లు మాడ్రిడ్ పక్కనున్న ఫుయెన్లబ్రాదాలో ఆడాల్సొచ్చింది. అయినా 1992 ఏప్రిల్‌లో, ఇస్తాంబుల్‌లోనే, సాషా జోర్జెవిచ్ చివరి క్షణాల్లో వేసిన మూడు పాయింట్ల షాట్‌తో స్పెయిన్ జట్టు హువెంతుత్ బదలోనాని 71-70తో ఓడించి యూరప్ ఛాంపియన్ అయ్యింది. కోచ్‌గా మొదటి సంవత్సరమే! తమాషా ఏంటంటే తర్వాత అదే హువెంతుత్ ఒబ్రాదోవిచ్‌ని కోచ్‌గా పిలిపించుకుని 1994లో అదే యూరప్ కప్పు గెలిచింది. 1995లో రియల్ మాడ్రిడ్‌తో ఇంకొకటి. గ్రీసులోని పనథినైకోస్‌లో 13 ఏళ్లుండి అయిదు. 2017లో ఫెనర్‌బాచెకి ఇచ్చింది తొమ్మిదోది. కోచ్‌లలో ఇంకెవరూ నాలుగు దాటలేదు. దెబ్బలూ తిన్నాడు లెండి: 2005లో సొంత దేశంలో జరిగిన యూరోబాస్కెట్‌లో జాతీయ జట్టు కోచ్‌గా ఫ్రాన్స్ చేతిలో ఓడి, జట్టులో గొడవలున్నాయని బాహాటంగా చెప్పి రాజీనామా చేశాడు.

ఇక నేను కళ్లారా చూసింది. ఫెనర్‌బాచె మైదానం ఆసియా వైపు అతాషెహిర్‌లో ఉంటుంది. ఒకసారి బెంచ్‌కి దగ్గర్లో సీటు దొరికింది. జట్టు హాయిగా ముందంజలో ఉంది, జనం పాటలు పాడుతున్నారు. ఒక గార్డ్ స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే ప్రత్యర్థి ఆటగాడు) పైనుంచి రాకుండా బద్ధకించి కిందనుంచి జారాడు. అంతే, టైమౌట్. మనిషి మొహం కందగడ్డ అయిపోయింది. బోర్డు చేతిలో ఉంది కానీ దాని మీద ఒక్క గీత గీయలేదు. ఆ కుర్రాడి ఎదురుగా నిలబడి ముందు ఏ కాలు వెయ్యాలో తనే వేసి చూపించాడు, రెండుసార్లు. స్కోరు ఊసే లేదు. కుర్రాడు తిరిగి కోర్టులోకి వెళ్తుంటే మెడ మీద చెయ్యేసి ఏదో అని నవ్వించాడు. ఆ తర్వాతి పొజెషన్‌లో ఆ కుర్రాడు స్క్రీన్ మీదకి ఎలా ఎగబడ్డాడో చూడాల్సింది.

ఆయన దగ్గర పనిచేసినవాళ్లు కూడా అలాగే తయారయ్యారు. పనథినైకోస్‌లో ఏళ్ల తరబడి సహాయకుడిగా ఉన్న ఇతూదిస్, 2016లో బెర్లిన్‌లో జరిగిన యూరప్ కప్పు ఫైనల్లో సీఎస్‌కేఏ మాస్కో కోచ్‌గా వచ్చి గురువుగారినే ఎక్స్‌ట్రా టైమ్‌లో ఓడించాడు. ఒబ్రాదోవిచ్ కింద ఆడిన యాసికెవిచుస్ 2025లో అబుదాబిలో అదే ఫెనర్‌బాచెకి కప్పు తెచ్చాడు.

కాబట్టి నా సలహా: అవకాశం వచ్చిందంటున్నారు కదా, తీసుకోండి. పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ)లో కోచింగ్ కోర్సు ఎటూ చెయ్యొచ్చు, కాగితం అవసరమే. దానికంటే ముందు మీకు ఆట నేర్పిన పెద్దాయన ఎవరైనా ఉంటే వెళ్లి, సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చి కాసేపు పక్కన కూర్చోమని అడగండి. ఆయన తప్పులెత్తి చూపిస్తే పిల్లల ముందు కాస్త నామోషీగా ఉంటుంది, సర్దుకోండి.

అరుపులు మాత్రం ఒబ్రాదోవిచ్‌ని చూసి నేర్చుకోకండి. ఆయన కేకలేసేది కోట్లు తీసుకునే ఆటగాళ్ల మీద, వాళ్లు ఒప్పందం మీద సంతకం పెట్టేశారు, ఎక్కడికీ పోరు. మీ దగ్గరికొచ్చే పదమూడేళ్ల పిల్ల మర్నాటి నుంచి గ్రౌండ్ మొహం చూడదు, వాళ్లమ్మ ఫోన్ కూడా ఎత్తదు.